నందిగులవారు వేరుచేసిన పెళ్ళి

కందిపూడికి తెలివి పంచినరోజున మిగతా ఇళ్ళకి దోసెడేసి కొలిచి ఇచ్చి, నందిగులవారి గుమ్మంలో మాత్రం బస్తాని బస్తాగానే దింపేసి పోయారని ఒక నమ్మకం ఉంది. ఈ నమ్మకం ఊరిది కాదు. నందిగులవారిదే.

ఆ ఇంటికి పెద్ద పేర్రాజు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరన్నా అడిగితే, "నా తెలివి పక్కన ఇంకో తెలివి వచ్చి చేరితే ఇరుకైపోద్దండి, మాది చిన్న ఇల్లు" అంటాడు. తమ్ముడు గవర్రాజు అన్నగారి మాట జవదాటడు. మరదలు రత్తాలు మొగుడి మాట జవదాటదు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు చక్రవేణి ముగ్గురి మాటా జవదాటదు. ఇంకేముంది, నలుగురికీ కలిపి ఒక్కటే బుర్ర. అది పేర్రాజు భుజాలమీద ఉండేది.

ఎంత తెలివైన బుర్రంటే, కరెంటు పోతే అది తిరిగొచ్చిందో లేదో చూడ్డానికి టార్చిలైటు వేసుకుని బల్బు దగ్గరికెళ్ళేవాడు పేర్రాజు. గవర్రాజైతే ఒకసారి బట్టలకొట్టు అద్దాల తలుపుమీద 'నెట్టుము' అని రాసుంటే నెట్టుకుని లోపలికెళ్ళాడు. బయటికొచ్చేటప్పుడు అదే తలుపుని లోపల్నించి నెడుతూ కొట్టు కట్టేసేదాకా నిలబడ్డాడు. "లాగితే వచ్చేది కదయ్యా" అంటే, "రాసింది నెట్టమని కదండీ, చదువొచ్చినవాణ్ణి, ఎలా లాగుతాను?" అన్నాడు.

అలాంటి ఇంటికి మునిసిపాలిటీవాళ్ళు రెండు చెత్తడబ్బాలు ఇచ్చారు. ఒకటి ఆకుపచ్చది, ఒకటి నీలంది. వాటితోపాటు శానిటరీ ఇన్‌స్పెక్టరు త్రినాథ్ కూడా వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, చెత్త గురించి మాట్లాడేటప్పుడు కళ్ళు మెరిసే కుర్రాడు.

"చూడండి బాబాయిగారూ, కూరతొక్కలు, మిగిలిన మెతుకులు, కుళ్ళిన పళ్ళు, ఇవన్నీ తడిచెత్త. ఆకుపచ్చ డబ్బాలో వెయ్యాలి. కాయితాలు, అట్టముక్కలు, ప్లాస్టిక్కు కవర్లు, సీసాలు, ఇవి పొడిచెత్త. నీలం డబ్బా. తడిది ఎరువుకి పోద్ది, పొడిది కరిగించి మళ్ళీ కొత్త సామాను చేస్తారు. రెండూ కలిశాయా, రెండూ చెడ్డాయి. తడీ పొడీ ఎక్కడా కలవకూడదు."

"ఎక్కడా?" అన్నాడు పేర్రాజు.

"ఎక్కడా" అన్నాడు త్రినాథ్, పాపం, పక్కింటికి వెళ్ళే తొందరలో.

అంతే.

ఆ పూటే పేర్రాజు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టాడు. "ఊళ్ళో జనం ఏం చేస్తున్నారు? ముందు కలిపేసి, తర్వాత పారేసి, ఆ తర్వాత ముక్కు మూసుకుని ఏరుకుంటున్నారు. తెలివుందా? అసలు మొదట్లోనే కలవనివ్వకపోతే ఏరే పనేముంది?"

"అబ్బ!" అంది రత్తాలు. "ఏం బుర్రండీ బావగారిది!"

"దిష్టి తగులుద్ది, ఊరుకోవే" అన్నాడు గవర్రాజు.

మర్నాటినుంచి ఇంట్లో టీ కాచడం మానేశారు. టీ ఆకు పొడిది కదా, పాలు తడివి కదా, ఎలా కలుపుతారు? చెంచాడు టీ ఆకు నోట్లో వేసుకుని, పంచదార నమిలి, పైన వేడిపాలు పోసుకునేవాళ్ళు. గవర్రాజు పొలమారి కళ్ళు తేలేశాడు. దగ్గుతూనే, "బాగుందన్నయ్యా, దేని రుచి దానికే తెలుస్తోంది" అన్నాడు. భోజనాల దగ్గర ఉత్తన్నం తిని, పులుసు విడిగా గ్లాసుతో తాగేవాళ్ళు. కొబ్బరికాయ దగ్గర మాత్రం పెద్ద తగువొచ్చింది. లోపల నీళ్ళున్నాయి కాబట్టి తడిదే అని గవర్రాజు, పైన పీచు ఎండిపోయి ఉంది కాబట్టి పొడిదే అని రత్తాలు. మొగుడూ పెళ్ళాలు రెండు పూటలు మాట్లాడుకోలేదు. చివరికి పేర్రాజే తీర్పు చెప్పాడు. "కొట్టనంతసేపూ పొడిది. కొడితే తడిది. కాబట్టి కొట్టకండి." ఇంకేముంది, దేవుడికి కాయని కాయగానే చూపించి వెనక్కి తెచ్చేసుకునేవారు.

చక్రవేణికి అప్పజెప్పిన పని పాలపాకెట్లు. ఖాళీ పాకెట్టు కడిగేది. తువ్వాలుతో ఒత్తేది. తర్వాత తలంటుపోసుకున్న జుట్టుకి పట్టినట్టు ఒక్కోదానికీ సాంబ్రాణి పొగ పట్టేది. ఒకరోజు త్రినాథ్ తనిఖీకని వచ్చి నీలం డబ్బా మూత తీశాడు. గుప్పుమని సాంబ్రాణి వాసన! లోపల పాకెట్లన్నీ మడతపెట్టిన పట్టుచీరల్లా ఉన్నాయి. ఆ పక్కనే పొగలోంచి చూస్తూ చక్రవేణి.

అంతే. ఇన్‌స్పెక్టరుగారి గుండె జారి డబ్బాలో పడింది.

వారం తిరక్కుండా వాళ్ళమ్మ మహలక్ష్మమ్మ కొడుకుని వెంటబెట్టుకుని సంబంధం మాట్లాడ్డానికి వచ్చేసింది. "మాకు పెట్టుపోతలేవీ వద్దన్నయ్యగారూ. మావాడికి ఒకటే పంతం. ఏవిటోయ్ అది, నువ్వే చెప్పు."

త్రినాథ్ గొంతు సవరించుకున్నాడు. "పెళ్ళికి మా కమిషనరుగారు వస్తానన్నారండి. శానిటరీ ఇన్‌స్పెక్టరు పెళ్ళిలోనే తడీ పొడీ కలిసిపోతే ఇంక ఊళ్ళో ఏ గుమ్మంలో నిలబడి చెప్పమంటారు నన్ను? ఒక్కచోట కలిసినట్టు కనబడినా పీటలమీంచి లేచిపోతాను. ముందే చెప్తున్నాను."

వాళ్ళు వెళ్ళాక చక్రవేణి పెదనాన్న దగ్గరికి వచ్చింది. ఎప్పుడూ తలెత్తని పిల్ల తలెత్తింది. "పెదనాన్నా, నేను వండితే మెచ్చుకున్నవాళ్ళున్నారు, ముగ్గేస్తే మెచ్చుకున్నవాళ్ళున్నారు. పాలపాకెట్టు కడిగితే మెచ్చుకున్న మగాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు. ఈయన పీటలమీంచి లేచాడంటే నాకింక పెళ్ళే వద్దు. నీలాగే ఉండిపోతాను."

పేర్రాజు లెక్క వేసుకున్నాడు. తనలాంటి బుర్ర ఇంట్లో ఇంకోటా? ఇరుకైపోదూ? "భయపడకు తల్లీ. నీ పెళ్ళిలో ఒక్క చుక్క ఒక్క రవ్వకి తగిలినా నా పేరు పేర్రాజు కాదు" అన్నాడు.

పెళ్ళిరోజు వచ్చింది. కల్యాణమండపంలో మధ్యాహ్నం ముహూర్తం. ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళకి ముందే భోజనాలు పెట్టేద్దామన్నారు. పేర్రాజు కండువా నడుముకి బిగించి వడ్డన తానే చూసుకున్నాడు. ఆకులో కలిస్తేనే కదా చెత్తలో కలిసేది! ఎడంపక్క వరసంతా తడివరస. కుడిపక్క వరసంతా పొడివరస. తడివరసకి సాంబారు, పులుసు, పెరుగు, పాయసం. పొడివరసకి అప్పడాలు, వేపుడు, బూరెలు.

జనం కూర్చున్నారు. ఆకులో సాంబారు పోస్తే అది వంకలు తిరుగుతూ ఒళ్ళోకి వస్తోంది. త్రినాథ్ మేనమామ తడివరసలో ఆకు అంచుల్ని రెండు చేతులా పైకి పట్టుకుని కూర్చున్నాడు, వదిలితే చెరువుకి గండిపడుతుంది.

"ఏవండోయ్, అన్నమేదండీ?" అని కేకేశాడాయన.

"అన్నం సంగతి ఇంకా తేలలేదండి" అన్నాడు పేర్రాజు వినయంగా. "మా ఇంట్లో అయితే పలుకుగా వండుకుంటాం, గొడవుండదు. ఇక్కడ వంటాయన మెత్తగా వండేశాడు. మా తమ్ముడు లోపల మెతుకు మెతుకూ పిండి చూస్తున్నాడు. తడని తేలితే మీకు, పొడని తేలితే వాళ్ళకి."

"పిండి చూడ్డమేవిటయ్యా!"

"చేతులు కడుక్కునే పిండుతున్నాడండి. కడుక్కుని, తుడుచుకుని."

ఎదురువరసలో ఒక పెద్దావిడ అప్పడం గొంతుకడ్డం పడి, "మంచినీళ్ళు! మంచినీళ్ళు!" అంటోంది.

"మీది పొడివరస కదా పిన్నిగారూ" అన్నాడు పేర్రాజు నొచ్చుకుంటూ. "ముందే చెప్తే అటు కూర్చోబెట్టేవాణ్ణి కదా."

ఆకలి ఎంతసేపు ఆగుద్ది? మేనమామగారు బూరెకోసం ఎదురువరసకి చెయ్యి చాచాడు. అవతలాయన ఈయన గ్లాసుకోసం వంగాడు. అప్పడాలు ఇటు ఎగిరాయి, సాంబారు అటు ఎగిరింది. బూరెలు పాయసంలో దూకాయి. క్షణంలో తడీ పొడీ ఏకమైపోయాయి. పేర్రాజు కళ్ళకి చీకట్లు కమ్మాయి. కమిషనరుగారి కారు అప్పుడే గేటు దగ్గర ఆగింది!

"తమ్ముడూ, మొత్తం వేరు చెయ్!" అన్నాడు.

గవర్రాజు లోపల్నించి పరిగెత్తుకొచ్చి దొరికినవాణ్ణి దొరికినట్టు పట్టుకున్నాడు. మేనమామగారి పట్టుచొక్కామీద సాంబారు పడింది. "చొక్కా తడి, మనిషి పొడి. విప్పండి." ఒకాయన పంచె అంచు పెరుగులో తడిసింది. "విప్పండి."

"ఒరేయ్, పంచెరా ఇది!"

"అయితే మిగతాదంతా తడిపెయ్యమంటారా? ఏదో ఒకటి తేల్చండి, తొందరుంది."

కమిషనరుగారు లోపలికి వచ్చేసరికి ఎడంపక్క వరసగా ఆరేసిన బట్టలు, కుడిపక్క వరసగా తువ్వాళ్ళు చుట్టుకున్న మగపెళ్ళివారు. ఆయన అటు చూశారు, ఇటు చూశారు. ఆకులెత్తి ఊడ్చేశారు కాబట్టి నేలమీద మాత్రం ఎక్కడా ఏదీ కలిసి లేదు. "బాగుందే" అనుకుంటూ ముందువరసలో కూర్చున్నారు. పేర్రాజు హమ్మయ్య అనుకున్నాడు.

ఆ హమ్మయ్య పూర్తికాకముందే పంతులుగారు పిలిచారు. "జీలకర్రా బెల్లం ముద్ద ఇలా ఇవ్వండమ్మా. ముహూర్తం దగ్గరపడింది."

రత్తాలు వెండిగిన్నె తెచ్చింది. పేర్రాజు అందులోకి తొంగిచూశాడు. జీలకర్ర చూస్తే ఎండింది, గలగలలాడేది. బెల్లం చూస్తే కారుతోంది. రెండిట్నీ కలిపేసి, కలపడం చాలనట్టు దంచేసి, కమిషనరుగారి కళ్ళముందు, పెళ్ళికొడుకు కళ్ళముందు, ఏకంగా నెత్తిమీదే పెట్టబోతున్నారు!

"ఎవరు కలిపారిది?" అన్నాడు పళ్ళబిగువున.

"అందరూ కలుపుతారంటే నేనూ..." అని నీళ్ళు నమిలింది రత్తాలు.

"కొంప ముంచేశావమ్మా! పిల్ల జన్మంతా నాలా ఉండిపోవాలా?" అంటూ గిన్నె లాక్కుని వంటశాలకి పరిగెత్తాడు. వెనకాలే గవర్రాజు. ముద్దలోంచి జీలకర్ర ఏరబోయారు. నలిగిపోయి ఉంది, రాదు. గోటితో గీకారు, రాదు. అప్పుడు వెలిగింది పేర్రాజు బుర్ర. గిన్నెలో నీళ్ళు పోసి ముద్దని కలియబెట్టాడు. బెల్లం కరిగిపోయింది. పంచెకొంగుతో వడగట్టాడు. మిగిలిన జీలకర్రని గవర్రాజు పొయ్యిమీద వేయించి మరీ ఆరబెట్టాడు.

బయట పంతులుగారు, "ముహూర్తం! ముహూర్తం దాటిపోతోందండీ!" అని అరుస్తున్నారు. త్రినాథ్ పీటమీద అటూ ఇటూ కదులుతున్నాడు. చక్రవేణి తెరకి అవతల చెవి ఒగ్గి వింటోంది.

పేర్రాజు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. ఒక చేతిలో గ్లాసుడు బెల్లంనీళ్ళు, ఇంకో చేతిలో చిన్న ప్లేటులో జీలకర్ర. "ఇదిగోండి పంతులుగారూ. రెండూ భద్రంగా వేరయ్యాయి. దేని దారి దానిది."

పంతులుగారు నెత్తి బాదుకున్నారు. "ఓరి నాయనో! అవి కలిపి పెట్టేది అందుకేనయ్యా! జీలకర్రా బెల్లంలాగ ఇద్దరూ మళ్ళీ విడదియ్యడానికి వీల్లేకుండా కలిసిపోవాలని!"

"వీల్లేకపోవడమేవిటండీ?" అన్నాడు పేర్రాజు ఛాతీ విరుచుకుని. "మేం ఇద్దరం కలిసి చిటికెలో విడదీశాం!"

పందిరి పందిరంతా గొల్లుమంది. త్రినాథ్ సిగ్గుతో సగం లేచాడు. పేర్రాజు జీలకర్ర ప్లేటు అతని చేతిలో పెట్టి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, ఎక్కడా కలవకూడదన్నావు. నేనడిగాను, ఎక్కడానా అని. ఎక్కడా అన్నావు. నీ మాటే మేం తిన్నాం, తాగాం, పొలమారాం. ఇప్పుడు నువ్వే లేచిపోతే పిల్ల ఏమవ్వాలి?"

త్రినాథ్ సగంలోనే ఆగిపోయాడు. తన మాటే తన మెడకి చుట్టుకుంది. ఈలోగా తెరకి అవతల్నించి చక్రవేణి చెయ్యి బయటికి వచ్చింది. పంతులుగారు ముహూర్తం ముహూర్తం అంటున్నారు, పెదనాన్న గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు, ఇంకా ఆలోచించేదేముంది? గ్లాసందుకుని, పెళ్ళికొడుకు నెత్తిమీద బోర్లించేసింది. త్రినాథ్ దెబ్బకి మళ్ళీ పీటమీద కూలబడ్డాడు. ఆ కంగారులో తన చేతిలో ఉన్న జీలకర్ర ఆమె నెత్తిమీద చల్లేశాడు. బాజాలు మోగాయి.

కమిషనరుగారు లేచి చప్పట్లు కొట్టారు. "నా సర్వీసులో ఇలాంటి పెళ్ళి చూళ్ళేదయ్యా! ఒక్క రవ్వ కలవలేదు!"

అంతే. పై అధికారి మెచ్చుకున్నాక లేచే మగాడెవడు? తాళి కట్టేశాడు. పేర్రాజు పక్కకెళ్ళి కండువాతో మొహం తుడుచుకున్నాడు. పిల్ల గట్టెక్కింది. ఇంక అత్తారింటికి పంపేస్తే పని అయిపోయినట్టే.

సాయంత్రం అప్పగింతలు. చక్రవేణి తల్లిని పట్టుకుని ఏడ్చింది. రత్తాలు కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. గవర్రాజు ఇద్దర్నీ పట్టుకుని ఏడ్చాడు. మహలక్ష్మమ్మ హారతి ఏర్పాట్లు చూడాలని ముందే ఆటోలో వెళ్ళిపోయింది. త్రినాథ్ పరిస్థితి వేరు. బెల్లంనీళ్ళు ఎండి, రెప్పలు అతుక్కుపోయి, కళ్ళు తెరుచుకోవట్లేదు. "కాస్త నీళ్ళిస్తే కడుక్కుంటాను మావయ్యగారూ" అంటే పేర్రాజు ఒప్పుకోలేదు. "చక్కగా ఆరిన మనిషివి, మళ్ళీ తడుస్తానంటావేంటి బాబూ?"

గేటు దగ్గర రెండు బళ్ళు ఆగి ఉన్నాయి. పూలు కట్టిన కారు మగపెళ్ళివారి ఇంటికి. వ్యాను ఆడపెళ్ళివారి ఇంటికి. కమిషనరుగారు ఇంకా మెట్లమీదే నిలబడి చూస్తున్నారు. పేర్రాజు ఉలిక్కిపడ్డాడు. పొద్దుట్నించి ఇంత కాపాడుకొచ్చి, చివరికి బళ్ళలో కలిపేస్తే? అంతే, బళ్ళకి అడ్డంగా నిలబడి ఒక్కొక్కరి మొహం తడిమి చూడ్డం మొదలెట్టాడు. రత్తాలు బుగ్గలు తడి. "నువ్వు వ్యాను." గవర్రాజు మీసాలు తడి. "వ్యాను." త్రినాథ్ మొహం పొడి, పైగా కరకరలాడుతోంది. "నువ్వు కారు బాబూ." చక్రవేణి అయితే చెంగు పిండితే ధార కట్టేలా ఉంది. ఆ చెంగేమో పెళ్ళికొడుకు కండువాకి ముడిపడి ఉంది. పేర్రాజు తల పట్టుకున్నాడు. సమయానికి చూశాను కాబట్టి సరిపోయింది అనుకుని ముడి విప్పేశాడు. "నువ్వు వ్యాను తల్లీ."

"అలాగే పెదనాన్నా" అని వెక్కుతూ ఎక్కేసింది చక్రవేణి. ఎవరి మాటా జవదాటని పిల్ల కదా.

పెళ్ళికొడుకు కండువా ఉత్తినే వేలాడితే శుభం కాదు. పేర్రాజు తన మొహం తడుముకు చూసుకున్నాడు. హడావిడిలో ఏడవడం మర్చిపోయాడు. పొడి! ఆ కండువా కొసని తన కండువాకి ముడేసుకుని కార్లో కూర్చున్నాడు.

కారు కదిలింది. కళ్ళు మూసుకుపోయిన త్రినాథ్ కండువా లాగి చూసుకున్నాడు. ముడి ఉంది. నవ్వుకున్నాడు. "వేణీ, అలిసిపోయావా?"

అడిగింది తనని కాదు కాబట్టి పేర్రాజు పలకలేదు. ఒకళ్ళనడిగితే ఇంకొకళ్ళు చెప్పడం తెలివైనవాళ్ళ లక్షణం కాదు.

"సిగ్గా?" అంటూ త్రినాథ్ తడుముకుని చెయ్యి పట్టుకున్నాడు. కాసేపు నిమిరి, నిట్టూర్చాడు. "పాలపాకెట్లు కడిగి కడిగి ఎంత గరుకెక్కిపోయాయి నీ చేతులు! ఇకమీదట మనింట్లో పాకెట్లన్నీ నేనే కడుగుతాను."

పేర్రాజుకి కడుపు నిండిపోయింది. మంచి అల్లుడు. పిల్ల అదృష్టవంతురాలు.

కారు ఆగింది. గుమ్మంలో మహలక్ష్మమ్మ హారతిపళ్ళెం పట్టుకుని నిలబడింది. ఆడపడుచులు గుమ్మానికి అడ్డంగా చేతులు చాచారు. "పేరు చెప్పండి, చెబితేగానీ లోపలికి రానివ్వం!" అంటూ కిలకిలలాడారు. కొడుకు పక్కన, ముడేసిన కండువాతో, కుడికాలు ముందుకెత్తి నిలబడ్డ మనిషిని చూసేసరికి కిలకిల ఆగిపోయింది.

"నందిగుల పేర్రాజండి" అన్నాడు పేర్రాజు.

మహలక్ష్మమ్మ పళ్ళెం పక్కన పెట్టేసింది. "అన్నయ్యగారూ! మీరేంటి? కోడలేది?"

"ఏంటీ, వేణి లేదా?" త్రినాథ్ రెండు వేళ్ళతో రెప్పలు విడదీసుకుని చూశాడు. చూసి, తను పట్టుకున్న చెయ్యి వదిలేశాడు.

"అమ్మాయి తడిగా ఉందండి" అన్నాడు పేర్రాజు ఓపిగ్గా, తెలియనివాళ్ళకి చెప్పినట్టు. "ఆరాక పంపిస్తాం."

మహలక్ష్మమ్మ ఫోను తెచ్చి ఆయన చేతిలో కుక్కింది. పేర్రాజు తమ్ముడికి చేశాడు. "ఏరా, అమ్మాయి ఆరిందా?"

"లేదన్నయ్యా" అంది ఫోనులో గవర్రాజు గొంతు. "ఫేను కింద కూర్చోబెట్టాం. రత్తాలు సాంబ్రాణి కూడా పడుతోంది. ఒక పక్క తుడుస్తుంటే ఇంకో పక్క తడిసిపోతోంది. మా ఆయన దగ్గరికి పంపండీ అని ఒకటే ఏడుపు."

"ఆరితే పంపిస్తామని చెప్పరా!"

"చెప్పాను. చెప్పినకొద్దీ ఇంకా తడిసిపోతోంది."

పేర్రాజు కాస్త ఆలోచించాడు. గుమ్మంలోంచి తల బయటికి పెట్టి ఆకాశంవైపు చూశాడు. తర్వాత మహలక్ష్మమ్మవైపు తిరిగి, ధైర్యం చెబుతూ అన్నాడు.

"మరేం కంగారు పడకండి చెల్లెమ్మగారూ. మబ్బు పట్టకుండా ఉంటే రెండెండల్లో పంపించేస్తాం."